పొట్టకు దెబ్బ తగిలితే: క్లోమం, స్కాను, రెండో చూపు



ఈ వేళ నేను మాట్లాడబోయేది పొట్టకు తగిలే మొద్దుదెబ్బ గురించి. నెత్తురు రాని దెబ్బ. చొక్కా పైకెత్తి చూస్తే రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ తప్ప ఇంకేమీ కనిపించని దెబ్బ. తల పగిలితే దవాఖానాకు పరుగెత్తుతాం. చెయ్యి విరిగితే కట్టు కట్టిస్తాం. పొట్టలో సైకిల్ హ్యాండిల్ గుచ్చుకుంటే మాత్రం కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, "ఏం కాలేదులే" అని ఇంటికి తీసుకుపోతాం. చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం లోపల క్లోమం చిట్లి ఉంటుంది. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు, హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో లబ్‌లబా అంటారు. పొట్టలోని అవయవాల్లో దెబ్బ తగిలినట్టు పట్టుకోవడం అన్నిటికంటే కష్టమైన వాటిలో ఇదొకటి.

నేను రేడియాలజిస్టుని. స్కాన్ చూసి లోపల ఏం జరిగిందో చెప్పడం నా వృత్తి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ముందే చెప్పేస్తాను. క్లోమానికి దెబ్బ తగిలిందా అన్న ప్రశ్నకు మొదటి స్కాన్ ఇచ్చే జవాబు ఆఖరి జవాబు కాదు. దెబ్బ ఎలా తగిలిందో తెలిసినవాళ్లు నోరు విప్పి చెప్పాలి. చూసే డాక్టర్ మళ్లీ ఒకసారి చూడాలి. ఈ రెండూ జరిగినచోట ప్రాణాలు నిలబడతాయి.

ముందుగా క్లోమం ఎక్కడుంటుందో తెలుసుకుందాం. రొమ్ము ఎముకకూ బొడ్డుకూ మధ్య, జీర్ణాశయానికి వెనకాల, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. పెద్దవాళ్లలో దీని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములు కూడా ఉండకపోవచ్చు. దీని తల కుడివైపున చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉంటుంది. మెడ, మధ్యభాగం వెన్నెముక మీదుగా దాటుతాయి. తోక ఎడమవైపున ప్లీహం దాకా పోతుంది. ఇన్సులిన్‌ను రక్తంలోకి వదలడం దీని పని అని షుగర్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇంకో పని కూడా ఉంది. రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసం తయారు చేసి, తన మధ్యలోంచి పోయే సన్నని నాళం ద్వారా చిన్నపేగులోకి పంపుతుంది. మనం తిన్న మాంసాన్నీ కొవ్వునూ పిండినీ అరిగించేది ఈ రసమే. నాళంలో పారినంతసేపూ అది మనకు మేలు చేస్తుంది. నాళం తెగి బయటికి కారిందంటే మన ఒంటి కండనే అరిగించడం మొదలుపెడుతుంది.

చార్మినార్ దగ్గర వెండి వరక్ కొట్టేవాళ్లను మీరు చూసే ఉంటారు. కింద రాయి, పైన సుత్తి, మధ్యలో తోలు పొరల్లో పెట్టిన వెండి. పొట్టకు ఎదురుగా దెబ్బ పడినప్పుడు క్లోమం పరిస్థితి అదే. వెనక ఉన్న వెన్నెముక కదలదు. ముందు నుంచి వచ్చే హ్యాండిల్ ఆగదు. మధ్యలో చిక్కిన క్లోమం నలిగిపోతుంది. మొద్దుదెబ్బల్లో ఎక్కువగా చిట్లేది వెన్నెముక మీదుగా దాటే ఆ మెడ, ఆ మధ్యభాగమే. ఒక్కొక్కసారి రెండు ముక్కలవుతుంది కూడా. పైన చర్మం మాత్రం చెక్కుచెదరదు.

ఈ సంగతి వైద్య గ్రంథాలకెక్కి రెండు వందల ఏళ్లవుతోంది. 1827లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రి సర్జన్ బెంజమిన్ ట్రావర్స్, గుర్రబ్బండి చక్రం తగిలిన ఒక మహిళ కథ రాశాడు. ఆమె చనిపోయాక కోసి చూస్తే క్లోమం చిట్లి ఉంది. ఆ కాలంలో మనిషి బతికుండగా ఈ దెబ్బను కళ్లతో చూసే దారే లేదు. ఈనాడు ఆ దారి ఉంది. ఉన్న దారిని సరిగ్గా వాడుకుంటున్నామా అన్నదే నా ఆరాటం.

మన పాతబస్తీలో ఈ దెబ్బ ఎవరికి తగులుతుంది? శాలిబండ, మొగల్‌పురా, హుసేనీ ఆలం, యాకుత్‌పురా, తలాబ్‌కట్టా. ఈ గల్లీల్లో ఒకే ఇరుకు దారిలో తోపుడు బండి, ఆటో, ముగ్గురెక్కిన బైకు, బడి నుంచి వచ్చే పిల్లల సైకిళ్లు పక్కపక్కనే పోతుంటాయి. పిల్లల విషయంలో మొదటి ముద్దాయి సైకిల్ హ్యాండిల్. సైకిల్ ఆగిపోతుంది, ముందు చక్రం అడ్డం తిరుగుతుంది, పిల్లవాడు ముందుకు పడతాడు, హ్యాండిల్ కొస నేరుగా పొట్టలో గుచ్చుకుంటుంది. ఆ కొసకు రబ్బరు పిడి ఊడిపోయి ఇనుప గొట్టం బయటపడి ఉంటే దెబ్బ మరీ లోతు. చిన్నపిల్లల పొట్ట కండరాలు పలచన. లోపల కొవ్వు మెత్త కూడా తక్కువ. పెద్దవాళ్లలో చాలామందికి క్లోమంతో పాటు కాలేయమో ప్లీహమో పేగో కూడా దెబ్బతింటుంది కాబట్టి ఏదో ఒక గాయం బయటపడుతుంది. హ్యాండిల్ దెబ్బ తిన్న పిల్లల్లో క్లోమం ఒక్కటే చిట్లి, మిగతా అంతా బాగానే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే వాళ్లలో మోసపోవడం సులువు.

ఆటో నడిపే సోదరులకూ ఇదే ప్రమాదం. ఆటో దేనికైనా గుద్దుకున్నప్పుడు అడ్డంగా ఉన్న హ్యాండిల్ డ్రైవర్ పొట్టకే తగులుతుంది. కార్లో స్టీరింగ్ అదే పని చేస్తుంది. నడుముకు కట్టుకోవాల్సిన సీటు బెల్టు పొట్ట మీదికి జారి ఉంటే అది కూడా నొక్కేస్తుంది. సంక్రాంతి రోజుల్లో ధూల్‌పేట పతంగులు ఆకాశమంతా ఎగిరే వేళ, పిట్టగోడ లేని మిద్దెల మీద నుంచి పిల్లలు పడతారు. పడేటప్పుడు పొట్ట ఏ గోడ అంచుకో తగులుతుంది.

ఇంకొకటి ఉంది. బయటికి రాని దెబ్బ. ఇంట్లో తన్నులు తిన్న ఆడవాళ్లు, పిల్లలు దవాఖానాకు వచ్చి "మెట్ల మీద జారాను" అంటారు. వాళ్లెందుకలా అంటారో అర్థం చేసుకోగలను. అయితే అమ్మలారా, అక్కలారా, ఒక్క మాట వినండి. డాక్టర్ చెవిలోనైనా నిజం చెప్పండి. పొట్టలో కాలితో తన్నారని తెలిస్తే మేం చూసే చోటు మారుతుంది, చూసే తీరు మారుతుంది. సహాయం కావాలంటే మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి.

క్లోమానికి దెబ్బ తగలడం అరుదే. పొట్టకు మొద్దుదెబ్బ తగిలిన నూరు మందిలో ఒకరిద్దరి మాట. ఆ ఒకరిద్దరిలోనే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఆలస్యం ఎందుకవుతుందో చెబుతాను.

ఒక పిల్లవాడిని ఊహించుకోండి. ఎనిమిదేళ్లుంటాయి. సాయంత్రం సైకిల్ మీద నుంచి పడ్డాడు. కడుపులో నొప్పి అని ఏడ్చాడు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. రాత్రికి నొప్పి తగ్గింది. తెల్లారి లేచి కాస్త పాలు తాగాడు. మధ్యాహ్నానికి మళ్లీ నొప్పి మొదలైంది, ఈసారి వీపులోకి పాకింది. రెండో రోజుకు జ్వరం వచ్చింది, పొట్ట ఉబ్బింది. ఆ నడుమ తగ్గిన నొప్పే అందరినీ మోసం చేసింది. క్లోమం పొట్ట వెనక గోడకు అతుక్కుని, పొరల చాటున ఉంటుంది. మొదట్లో అక్కడ కారే రసం, రక్తం ఆ పొరల మధ్యే ఉండిపోతాయి. పొట్ట ముందు భాగం మెత్తగానే ఉంటుంది. చెయ్యి పెట్టి నొక్కి చూసిన డాక్టర్‌కు కూడా గట్టిగా తగలదు. గంటలు గడిచేకొద్దీ రసం చుట్టుపక్కల కండను తినేస్తూ వాపు తెస్తుంది. అప్పుడు గానీ ఒళ్లు అరవదు.

రక్తపరీక్ష చేస్తే తెలియదా అని మీరడగవచ్చు. అమైలేజ్, లైపేజ్ అని రెండు పరీక్షలున్నాయి. క్లోమం దెబ్బతింటే అవి రక్తంలో పెరుగుతాయి. దెబ్బ తగిలిన మూడు గంటలలోపు తీసిన రక్తంలో అవి మామూలుగా ఉండవచ్చు. దవడకు, పేగులకు దెబ్బ తగిలినా అమైలేజ్ పెరగవచ్చు. కాబట్టి ఒక్క అంకె చూసి తేల్చలేం. కొన్ని గంటల తేడాతో మళ్లీ మళ్లీ తీసి, పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి. పెరుగుతూ పోతే అదే గట్టి హెచ్చరిక.

మామూలు ఎక్స్‌రేలో క్లోమం కనబడదు. క్యాజువాలిటీలో మంచం పక్కనే చేసే అల్ట్రాసౌండ్ చాలా విలువైనది. కాలేయం చుట్టూ, ప్లీహం చుట్టూ, కటిలో, గుండె చుట్టూ రక్తం చేరిందా అన్నది నిమిషాల్లో చెప్పేస్తుంది. రక్తం కారుతున్న మనిషిని వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు పంపడానికి అది చాలు. కానీ క్లోమం ముందు జీర్ణాశయం, పెద్దపేగు ఉంటాయి. వాటిలోని గాలిని దాటి అల్ట్రాసౌండ్ తరంగాలు పోలేవు. కాబట్టి "స్కానింగ్‌లో ఏమీ లేదు" అని అల్ట్రాసౌండ్ రిపోర్ట్ వస్తే, పొట్టలో పెద్దగా రక్తం చేరలేదని మాత్రమే దాని అర్థం. క్లోమం బాగుందని కాదు.

నిజంగా లోపలికి తొంగి చూసేది సీటీ స్కాన్. 1971 అక్టోబర్ 1న లండన్ శివార్లలోని అట్కిన్‌సన్ మోర్లీ ఆస్పత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన యంత్రంతో మొదటిసారి ఒక రోగి తలకు ఈ స్కాన్ తీశారు. దాని గణితానికి ముందే దారి వేసిన ఎలన్ కార్మాక్‌తో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాటి యంత్రానికి ఒక్క తలను చూడడానికే ఎంతో సమయం పట్టేది. ఈనాడు పొట్ట మొత్తం కొన్ని సెకన్లలో పూర్తవుతుంది.

పొట్ట దెబ్బకు సీటీ తీసేటప్పుడు చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కిస్తాం. ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కినట్టు అనిపిస్తుంది, భయపడాల్సిన పని లేదు. మందు ఎక్కించిన 35 నుంచి 45 సెకన్ల మధ్య క్లోమం బాగా తెల్లగా వెలుగుతుంది. 70 సెకన్ల ప్రాంతంలో కాలేయం, సిరలు వెలుగుతాయి. చిట్లిన చోట రక్తం అందదు కాబట్టి ఆ తెల్లదనం మధ్యలో ఒక నల్లని గీత కనిపిస్తుంది. ఆ గీత క్లోమం మందంలో సగం కంటే ఎక్కువ లోతుకు పోయిందంటే నాళం తెగి ఉండవచ్చని అనుమానిస్తాం.

గీత ఒక్కటే గుర్తు కాదు. క్లోమం వెనక నుంచి ప్లీహపు సిర పోతుంది. ఆ సిరకూ క్లోమానికీ మధ్య మామూలుగా కొవ్వు ఉంటుంది. అక్కడ నీరు చేరిందంటే ఏదో జరిగిందని అర్థం. చుట్టూ ఉన్న కొవ్వు మసకబారడం, ఎడమ మూత్రపిండం ముందున్న పొర దళసరెక్కడం, క్లోమం ఒకచోట ఉబ్బి ఉండడం, ఇవన్నీ మేం వెతుక్కునే ఆనవాళ్లు. మోసం చేసేవీ ఉన్నాయి. షాక్‌లో ఉన్న రోగికి సెలైన్లు ఎక్కువగా ఎక్కిస్తే క్లోమం చుట్టూ ఊరికే నీరు చేరుతుంది. వయసు పైబడినవాళ్లలో క్లోమం సందుల్లో కొవ్వు చేరి, చిట్లినట్టే కనిపిస్తుంది. చెయ్యి విరిగి పైకెత్తలేని రోగిని అలాగే స్కాన్ చేస్తే ఆ చేతి ఎముకల నీడలు సరిగ్గా క్లోమం మీదే చారలుగా పడతాయి. సన్నగా ఉన్న పిల్లల్లో కొవ్వు లేక క్లోమం అంచులే తెలియవు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు సమయం. చిట్లిన రెండు అంచులు మొదట్లో ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. మధ్యలో రక్తం గడ్డకట్టి గీతను కప్పేస్తుంది. వాపు ఇంకా మొదలవదు. దెబ్బ తగిలిన మొదటి 12 గంటల్లో తీసిన సీటీలో, నిజంగా క్లోమం దెబ్బతిన్నవాళ్లలో కూడా నూటికి 20 నుంచి 40 మందికి అది మామూలుగానే కనిపించవచ్చని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఇది యంత్రం తప్పు కాదు, చూసిన డాక్టర్ తప్పూ కాదు. చూపించడానికి ఒళ్లు ఇంకా సిద్ధంగా లేదు, అంతే. నొప్పి తగ్గకపోతే, అమైలేజ్ పెరుగుతూ ఉంటే, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ సీటీ తీయాలి. మొదటిసారి కనిపించనిది చాలాసార్లు ఆ రెండో స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

క్లోమం చిట్లిందని తెలిశాక మేం చెప్పాల్సిన అసలు మాట ఇంకొకటి ఉంటుంది. నాళం తెగిందా, లేదా? 1642లో ఇటలీలోని పాదువాలో యోహాన్ గెయోర్గ్ విర్సుంగ్ మనిషి క్లోమంలో ఈ నాళాన్ని కనుక్కున్నాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. రెండు మిల్లీమీటర్లో మూడు మిల్లీమీటర్లో వెడల్పుండే ఆ నాళం మీదే రోగి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అమెరికా ట్రామా సర్జన్ల సంఘం 1990లో చేసిన వర్గీకరణ ప్రకారం క్లోమం దెబ్బలు ఐదు మెట్లు. మొదటి రెండు మెట్లలో కమిలినా, చిట్లినా నాళం బాగానే ఉంటుంది. మూడో మెట్టులో తోకవైపు నాళం తెగుతుంది. నాలుగో మెట్టులో తలవైపు తెగుతుంది. ఐదో మెట్టులో తల మొత్తం నుజ్జవుతుంది. నాళం బాగున్నవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. దవాఖానాలో పెట్టి, కొన్నాళ్లు నోటికేమీ ఇవ్వకుండా, కనిపెట్టుకుని ఉంటే నయమవుతుంది. నాళం తెగినవాళ్ల దారి వేరు. వాళ్లకు తోక భాగాన్ని తీసేసే ఆపరేషనో, నాళంలో స్టెంట్ పెట్టడమో, రసం బయటికి పోయేలా గొట్టం వేయడమో చేయాలి. రోజులు దాటేకొద్దీ చీము, రక్తస్రావం, ప్రాణాపాయం పెరుగుతూ పోతాయి.

సీటీలో నాళం సంగతి తేలనప్పుడు ఎంఆర్‌సీపీ చేస్తాం. ఇది ఎంఆర్ఐలో ఒక రకం. 1991 నుంచి వైద్యులు దీన్ని వాడుతున్నారు. రేడియేషన్ ఉండదు. నాళంలో పారే రసాన్నే తెల్లగా చూపిస్తుంది. ఆ తెల్లని గీత ఒకచోట తెగి, పక్కన నీటి మడుగు కనిపిస్తే నాళం తెగినట్టే. కాకపోతే రోగి ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నిలకడ లేని రోగికీ, భయపడే చిన్నపిల్లకూ అది కష్టం.

ఇంకా తేల్చుకోవాలంటే ఈఆర్‌సీపీ ఉంది. 1968లో అమెరికాలో మొదలైన పద్ధతి. నోటి గుండా ఎండోస్కోప్ పంపి, చిన్నపేగులో నాళం తెరుచుకునే చోటు పట్టుకుని, అందులోకి మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. చూడడమే కాదు, తెగిన చోట స్టెంట్ కూడా అప్పుడే పెట్టవచ్చు. ఈ విద్యలో మన హైదరాబాద్‌కు ప్రపంచంలో పేరుంది. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎన్నో దేశాల వైద్యులు ఎండోస్కోపీ నేర్చుకోవడానికి వస్తారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ దక్కింది. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా దవాఖానాలో కాలేయం, క్లోమం ఆపరేషన్ల కోసం సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. అంటే ఈ దెబ్బకు కావలసిన చేతులు మన ఊర్లోనే ఉన్నాయి. రోగిని వేళకు వాళ్ల దగ్గరికి చేర్చడమే మన వంతు.

ఉస్మానియా పేరెత్తాను కాబట్టి ఆ చోటు చరిత్రలోంచి ఒక సంగతి చెబుతాను. 1866లో అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి మొదలైంది. ఆపరేషన్ల ముందు క్లోరోఫామ్ ఇచ్చే రోజులవి. క్లోరోఫామ్ వల్ల కొందరు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ ఇక్కడ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఆరో నిజాం మద్దతుతో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పని చేశాయి. ఈ పనిలో డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా పాల్గొన్నారు. శ్వాస ఆగడం వల్లే చావు వస్తుందనీ, గుండెకు ప్రమాదం లేదనీ కమిషన్ తేల్చింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ మళ్లీ పరీక్షించి, క్లోరోఫామ్ గుండె లయను చెడగొట్టి చంపగలదని చూపించాడు. లారీ శ్రమ వృథా కాలేదు. రోగి శ్వాసను కనిపెట్టి ఉండాలన్న ఆయన పట్టుదల మంచిదే. అయితే తేల్చేసిన దాన్ని మళ్లీ పరీక్షించడానికి ఒకరు పూనుకున్నారు కాబట్టే నిజం బయటపడింది. వైద్యంలో మళ్లీ చూడడం అవమానం కాదు, అది మా ధర్మం.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఆ పాత ఆస్పత్రిని దెబ్బతీసింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1925 నాటికి ఇప్పటి భవనం లేచింది. అది కూడా పాతబడి, 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. పేదల పెద్ద దవాఖానాను మళ్లీ కొత్తగా కడుతున్న ఈ వేళ నా విన్నపం ఒక్కటే. క్యాజువాలిటీ పక్కనే సీటీ ఉండాలి. రాత్రి రెండు గంటలకు కూడా ఆ స్కాన్ చదివే రేడియాలజిస్టు అక్కడ ఉండాలి. రెండో రోజు రెండో స్కాన్ అడిగితే "నిన్ననే తీశాం కదా" అనే మాట వినిపించకూడదు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెబుతాను. పొట్టకు గట్టి దెబ్బ తగిలిన మనిషికి నొప్పి ఉంటే తినడానికి గానీ తాగడానికి గానీ ఏమీ పెట్టకండి. పొట్ట మీద నూనె రాసి రుద్దకండి. నొప్పి బిళ్ల వేసి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సేవ అది.

దవాఖానాలో మొట్టమొదట దెబ్బ ఎలా తగిలిందో చెప్పండి. "బండి మీద నుంచి పడ్డాడు" అంటే సరిపోదు. హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుందా, స్టీరింగ్ తగిలిందా, ఎవరైనా తన్నారా, ఎన్ని గంటలకు జరిగింది, ఇవన్నీ చెప్పండి. చొక్కా తీసి ఆ మచ్చ చూపించండి. పొట్ట మీద గుండ్రంగా పడిన హ్యాండిల్ మచ్చ మాకు పది పరీక్షలంత విలువైనది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే, కిడ్నీ జబ్బు ఉంటే, ఇంతకు ముందు స్కాన్ మందు పడక దద్దుర్లు వచ్చి ఉంటే, గర్భం ఉండే అవకాశం ఉంటే ముందే చెప్పండి.

సీటీ అంటే రేడియేషన్ కదా అని కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఒక పొట్ట సీటీలో వచ్చే రేడియేషన్, మనకు ప్రకృతి నుంచి మూడు నాలుగేళ్లలో అందేంత ఉంటుంది. పిల్లలకు వాళ్ల బరువును బట్టి తగ్గించి ఇస్తాం. అవసరం లేని స్కాన్ వద్దని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. అవసరమని డాక్టర్ చెప్పినప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. తర్వాత్తర్వాత చూడడానికి అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో సరిపోతుందేమో అడగండి.

స్కాన్ అయ్యాక రిపోర్ట్ కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్మును ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ సన్నని నల్లగీత అందులో కనిపించదు. అసలు బొమ్మలుంటే రెండో దవాఖానాలో వాటిని మళ్లీ చూడవచ్చు, రెండో స్కాన్‌తో పోల్చవచ్చు.

పోలీసు కేసు అవుతుందని, డబ్బు లేదని ఆగిపోకండి. అత్యవసరంగా వచ్చిన రోగికి కేసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులను దవాఖానాకు చేర్చిన వాళ్లను వేధించకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ చెబుతోంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు.

ఇంటికి పంపించిన తర్వాత కూడా కన్నేసి ఉంచండి. తగ్గిన నొప్పి మళ్లీ వస్తే, వీపులోకి పాకితే, వాంతులు ఆగకపోతే, జ్వరం వస్తే, పొట్ట ఉబ్బితే ఆ గంటలోనే వెనక్కి తీసుకురండి. మొదటి దవాఖానా దూరమైతే దగ్గరున్న దానికి వెళ్లండి, సీడీ వెంట తీసుకెళ్లండి. కొన్ని వారాల తర్వాత పొట్ట పైభాగంలో గడ్డలా తగిలినా, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టయినా చూపించండి. కారిన రసం చుట్టూ గోడ కట్టుకుని తిత్తిలా తయారై ఉండవచ్చు. దానికీ వైద్యం ఉంది.

ముందుజాగ్రత్త కూడా మీ చేతుల్లోనే ఉంది. మీ పిల్లల సైకిల్ హ్యాండిల్ రెండు కొసలనూ ఈ రోజే చూడండి. రబ్బరు పిడి ఊడి ఉంటే కొత్తది వేయించండి. చాలా తక్కువ ఖర్చు. మిద్దె మీద పతంగులు ఎగరేసే చోట పిట్టగోడ లేకపోతే పిల్లల్ని పైకి పంపకండి. కార్లో సీటు బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా ఉండేలా కట్టుకోండి.

ఇది వింటున్న డ్యూటీ డాక్టర్లకు కూడా ఒక మనవి. స్కాన్‌కు రాసే కాగితంలో "పొట్ట నొప్పి" అని మాత్రమే రాయకండి. "నిన్న సాయంత్రం ఆరింటికి సైకిల్ హ్యాండిల్ తగిలింది, నొప్పి తగ్గడం లేదు" అని రాయండి. ఆ ఒక్క వాక్యం చదివాక మా చూపు నేరుగా క్లోమం దగ్గరికి పోతుంది.

శ్రోతలారా, ఇంతసేపూ చెప్పినదంతా గుర్తుండకపోవచ్చు. ఒక్క ప్రశ్న మాత్రం గుర్తుపెట్టుకోండి. పొట్టకు దెబ్బ తగిలిన మీ మనిషిని తీసుకుని దవాఖానా గేటు దాటే ముందు, స్కాన్ బాగుందని చెప్పిన డాక్టర్‌ను అడగండి: "సార్, నొప్పి తగ్గకపోతే మళ్లీ ఎప్పుడు చూస్తారు?" ఆ ప్రశ్నకు ఏ రోజో, ఏ వేళో చెప్పి రాసివ్వమనండి. ఆ వేళకు తప్పకుండా వెళ్లండి.